ఏడాది బిడ్డకు మన ఆవుపాలు ఎప్పుడు, ఎంత, ఎలా? పాలమ్మే రైతుగా నేను దిద్దుకున్న తప్పు



ఈసారి వీడియోలో జీవామృతం డ్రమ్ము లేదు, దశపర్ణి కషాయం లేదు. మా వంటింట్లో తీసిన వీడియో ఇది. మా అమ్మ, మా ఆవిడ, పదమూడు నెలల మా పాప, ఒక ఉగ్గుగిన్నె, అంతే. చూసినవాళ్ళు "ఏంటి బ్రదర్, వ్యవసాయం మానేశావా" అని అడిగారు. మానలేదండీ. దేశీ ఆవును పెట్టుకుని నాలుగిళ్ళకి పాలు పోసే ప్రతి రైతుకీ ఏదో ఒక రోజు ఈ ప్రశ్న వస్తుంది: "మా బిడ్డ ఇంకా తల్లిపాలు తాగుతోంది. మీ ఆవుపాలు ఎప్పటినుంచి పట్టొచ్చు?"

ఈ ప్రశ్నకి నేను ఒకసారి తప్పు జవాబు చెప్పాను. వీడియోలో ఆ సంగతి రెండు ముక్కల్లో చెప్పి వదిలేశాను. ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను.

ఫోన్లో ఇచ్చిన సలహా

మాది ప్రకాశం జిల్లా. ఆరెకరాల పొలం. కంది, సజ్జ, కూరగాయలు, ఒక మూల పశుగ్రాసం. తొమ్మిది ఒంగోలు ఆవులు ఉన్నాయి. అన్నీ ఒకేసారి పాడిలో ఉండవు కాబట్టి, దూడల వాటా పోను రోజుకు ఇరవై లీటర్లు అటూఇటూగా వస్తాయి. ఒంగోలు పట్నంలో 34 ఇళ్ళకి గాజు సీసాల్లో పోస్తాను. మొదట్లో సీసా మీద అతికించే స్టిక్కర్‌ను నేనే రాయించాను: "స్వచ్ఛమైన ఒంగోలు ఆవుపాలు, తల్లిపాలతో సమానం." ఆ రెండో ముక్క రాయించినప్పుడు నాకు అందులో తప్పేమీ కనపడలేదు. మనం చిన్నప్పటినుంచీ వింటున్న మాటే కదా.

ఒకరోజు కొత్తగా చేరిన ఒకాయన ఫోన్ చేశారు. "బాబుకి ఏడో నెల అండీ. మా ఆవిడకి పాలు చాలట్లేదేమో అనిపిస్తోంది. మీ ఆవుపాలు పట్టొచ్చా?" అన్నారు. నేను కందిచేలో ఉన్నాను. ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా "నిరభ్యంతరంగా పట్టండి, దేశీ ఆవు, రసాయనాలు లేని మేత, భయమేం లేదు" అన్నాను. అర లీటరు తీసుకునే ఇల్లు లీటరుకి మారింది. నేను సంతోషించాను.

ఏడు నెలల తర్వాత ఒక ఆదివారం పొద్దున పాలు పిండే వేళకి ఆయన నేరుగా మా కొట్టం దగ్గరికి వచ్చారు. బాబుకి పద్నాలుగో నెల. చూడటానికి బొద్దుగానే ఉన్నాడట. కానీ మొహం తెల్లగా పాలిపోయింది. ఎప్పుడూ చంకెక్కి కూర్చుంటాడు, అడుగులు వెయ్యడు, గోడ సున్నం గీకి నోట్లో పెట్టుకుంటాడు. రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 6.8 వచ్చింది. ఆ వయసులో 11 దరిదాపుల్లో ఉండాలి. పిల్లల డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "రోజుకి పాలు ఎన్ని పడుతున్నారు?" అని. దాదాపు లీటరు. ఆవుపాలతో కడుపు నిండుతుంటే తల్లి దగ్గర తాగడం తగ్గించేశాడు, అన్నం ముట్టడం మానేశాడు. అన్నం తినడం లేదని ఇంకో గ్లాసు పాలు పట్టారు.

ఆయన నన్ను తిట్టలేదు. "మీరు వ్యవసాయం చదువుకున్నారు కదాని మీ మాట నమ్మామండీ. గొడవ పెట్టుకోడానికి రాలేదు. ఇంకెవరికీ అలా చెప్పకండి" అన్నారు. నేను చెంబు పట్టుకుని నిలబడిపోయాను. తిట్టి ఉంటే కాస్త తేలికగా ఉండేదేమో.

అగ్రికల్చర్ డిప్లొమాలో పశువుల గురించి కొంత చదివాం. దూడకి పుట్టిన గంటలోపే జున్నుపాలు తాగించాలని, చూడి ఆవుకి ఎంత దాణా పెట్టాలని చదివాను. మనిషి బిడ్డ గురించి ఒక్క ముక్క చదవలేదు. ఆ తెలియని విషయంలోనే నేను ధైర్యంగా సలహా ఇచ్చాను.

పాలు మంచివే, మరి తేడా ఎక్కడొచ్చింది?

మా పాలల్లో కల్తీ లేదు. మేతలో విషం లేదు. అయినా బిడ్డకి రక్తం తగ్గింది. ఎందుకో డాక్టరు గారిని అడిగి, తర్వాత కూర్చుని చదివి తెలుసుకున్నది మన భాషలో చెప్తాను.

ఆవుపాలు దూడ కోసం తయారయ్యాయి. మంచిగా పాలు తాగే దూడ రెండు నెలలు తిరిగేసరికి పుట్టినప్పటి బరువుకి రెట్టింపు అవుతుంది. మనిషి బిడ్డకి అదే పనికి ఐదు నెలలు పడుతుంది. అందుకే ఆవుపాలల్లో మాంసకృత్తులు తల్లిపాలకంటే మూడు రెట్లు, కాల్షియం నాలుగు రెట్లు దాకా ఉంటాయి. దూడకి అది బలం. ఏడాది నిండని బిడ్డ మూత్రపిండాలకి అది మోత.

రెండోది ఇనుము. తల్లి కడుపులో ఉన్నప్పుడు బిడ్డ దాచుకున్న ఇనుము ఆరు నెలల వరకూ సాయపడుతుంది. అక్కడినుంచి తిండిలోంచి రావాలి. తల్లిపాలలోనూ ఇనుము తక్కువే, కానీ ఉన్నది బాగా ఒంటికి పడుతుంది. ఆవుపాలలో ఉన్నదే తక్కువ, అది కూడా సరిగ్గా పట్టదు. పైగా అందులోని కాల్షియం, కేసీన్ అనే మాంసకృత్తి మిగతా తిండిలోని ఇనుమును కూడా పట్టనివ్వవు. ఏడాదిలోపు కొందరు బిడ్డల్లో ఆవుపాల వల్ల పేగుల్లోంచి కంటికి కనపడనంత రక్తం కూడా పోతుంది. రోజూ కొంచెం కొంచెం పోతే నెలల్లో ఖాళీ అవుతుంది.

మూడోది కడుపు. ఏడాది దాటిన బిడ్డకి రోజుకి సుమారు వెయ్యి కేలరీలు కావాలి. లీటరు ఆవుపాలలో 650 నుంచి 700 ఉంటాయి. అంటే బిడ్డ ఆకలి మూడింట రెండొంతులు పాలతోనే తీరిపోతుంది. ఇక పప్పన్నానికి చోటేది? ఒకటి నుంచి మూడేళ్ళ పిల్లలకి రోజుకి 8 మిల్లీగ్రాముల ఇనుము కావాలని మన ఐసీఎంఆర్ 2020 లెక్క చెప్తోంది. లీటరు పాలలో అర మిల్లీగ్రాము ఉంటే గొప్ప. బరువు పెరుగుతుంది, రక్తం తగ్గుతుంది. ఆ బాబు బొద్దుగా ఉండి పాలిపోవడం ఇందుకే.

ఇది ఒక్క ఇంటి సమస్య అనుకోకండి. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో ఐదేళ్ళలోపు పిల్లల్లో నూటికి 67 మందికి రక్తహీనత ఉంది. అందరికీ పాలే కారణమని కాదు. కానీ ఇలాంటి చోట "పాలు ఎంత పడితే అంత బలం" అని పాలమ్మే మనమే చెప్తే ఎలా?

మా ఇంట్లో పంచాయితీ

ఇది జరిగిన కొన్నాళ్ళకి మా పాపకి ఏడాది నిండింది. మా ఆవిడ ఒంగోల్లో స్కూల్ టీచరు. పొద్దున ఎనిమిదికి వెళ్తే నాలుగింటికి వస్తుంది. పొద్దున లేవగానే, సాయంత్రం రాగానే, రాత్రి పడుకునేముందు పాపకి పాలిస్తుంది. మధ్యలో మా అమ్మే అన్నీ చూసుకుంటుంది.

పుట్టినరోజు మర్నాడే అమ్మ మొదలుపెట్టింది. "అమ్మాయ్, ఏడాది నిండింది, పళ్ళొచ్చాయి. ఇంకా రొమ్ముపాలేంటి? వేపాకు నూరి రాసుకో, రెండ్రోజులు ఏడ్చి అదే మానేస్తుంది. ఇంటి నిండా ఆవుపాలు పెట్టుకుని బిడ్డకి పట్టకపోతే చూసేవాళ్ళు నవ్వుతారు."

మా ఆవిడ నాతో విడిగా అంది. "ఏమండీ, అత్తయ్య మాట కాదనలేను. పాపకి పాలు మాన్పించనూ లేను. మీరే ఏదో ఒకటి తేల్చండి."

నేను అమ్మ దగ్గర కూర్చున్నాను. తల్లిపాలు రెండేళ్ళు, ఆపైన కూడా ఇవ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోందని, రెండో ఏడులో కూడా బిడ్డకి కావాల్సిన శక్తిలో మూడో వంతు తల్లిపాల నుంచే రావచ్చని చెప్పాను. అమ్మ వింటుందా? "ఏ సంస్థరా? నువ్వు ఎనిమిదో నెల నుంచి బర్రెపాలు తాగి పెరగలా?"

"పెరిగానమ్మా. కానీ నేను చిన్నప్పుడు గోడ సున్నం గీక్కుని తినేవాణ్ణని, బలపాలు దాచిపెట్టేదానివని నువ్వే నవ్వుతూ చెప్తావు కదా. ఆ ఒంగోలు బాబు కూడా సున్నమే తిన్నాడు. రక్తం తక్కువైన పిల్లలు అలా చేస్తారంట."

అమ్మ ఏమీ అనలేదు. చాటలో బియ్యం ఏరుతూ చాలాసేపు కూర్చుంది. తర్వాత, "మరి అప్పుడు మాకెవరు చెప్పారు?" అంది. నిజమే. అప్పుడు అమ్మకి చెప్పేవాళ్ళు లేరు. ఇప్పుడు చెప్పాల్సిన నేను తప్పు చెప్పాను.

చివరికి ముగ్గురం ఒక మాటకొచ్చాం. తల్లిపాలు ఆపేది లేదు. వేపాకు లేదు. పగలు తల్లి ఇంట్లో లేనప్పుడు కొద్దిగా ఆవుపాలు, తిండితో పాటు. అమ్మే ఒక మాట అంది, నాకు బాగా నచ్చింది: "సరేలే, పెరుగు తోడుకోవాలంటే చెంచాడు చాలదూ? ఇదీ అంతే అనుకుంటా." ఆవుపాలు తల్లిపాలకి తోడు. బదులు కాదు.

మేం మొదలుపెట్టిన పద్ధతి

పెరుగు ఎనిమిదో నెల నుంచే అన్నంలో కొద్దిగా పెడుతున్నాం కాబట్టి పాలు పడతాయన్న ధైర్యం కొంత ఉంది. అయినా నెమ్మదిగానే వెళ్ళాం.

మొదటి నాలుగు రోజులు మధ్యాహ్నం అన్నం తిన్నాక రెండు చెంచాలు, అంతే. కొత్తది ఏది పెట్టినా దాంతోపాటు ఇంకో కొత్తది పెట్టకూడదు. ఏదైనా తేడా వస్తే దేనివల్లో తెలియాలి కదా. పొలంలో ఒకేసారి రెండు కషాయాలు కొట్టి ఏది పనిచేసిందో తెలియక బుర్ర గోక్కుంటాం చూడండి, అలా కాకుండా. ఒంటిమీద దద్దుర్లు, మూతి చుట్టూ ఎర్రబడటం, వాంతి, విరేచనాలు, మలంలో రక్తం, వీటికోసం చూశాం. ఏమీ రాలేదు. వస్తే వెంటనే ఆపి డాక్టరుకి చూపించాలి. మొహం వాచినా, ఊపిరి తీసుకోవడం కష్టమైనా ఒక్క నిమిషం కూడా ఆగకూడదు.

మొదటి రోజు పాప మొహం చిట్లించి ఉమ్మేసింది. వీడియోలో మీరు చూసి నవ్వుకున్నది అదే. కారణం ఉంది. తల్లిపాలలో చక్కెర ఆవుపాలకంటే ఎక్కువ, అందుకే తియ్యగా ఉంటాయి. పైగా వెచ్చగా వస్తాయి. అమ్మ పాలని గోరువెచ్చగా చేసి, ఉగ్గుగిన్నెతో పట్టింది. మూడో రోజుకి మింగింది. అలవాటయ్యేదాకా తల్లిపాలు కొన్ని పిండి అందులో కలిపినా మంచిదే. కానీ పంచదార గానీ, బెల్లం గానీ వెయ్యలేదు. ఒకసారి తీపికి అలవాటు పడితే వెనక్కి రావడం కష్టం.

రెండో వారం 30 మి.లీ., మూడో వారం 60 మి.లీ. అక్కడ చిన్న తేడా వచ్చింది. మలం గట్టిపడి ముక్కుతోంది. పాలు మళ్ళీ 30కి తగ్గించి, మంచినీళ్ళు, బొప్పాయి పండు పెంచాం. నాలుగు రోజుల్లో సర్దుకుంది. ఇప్పుడు రోజుకి 100 నుంచి 120 మి.లీ. పాలు, ఒక చిన్న గిన్నె పెరుగు. తల్లి దగ్గర మూడు నాలుగుసార్లు తాగే బిడ్డకి ఇంతకంటే ఎక్కువ అవసరం లేదు. తల్లిపాలు పూర్తిగా ఆగిపోయిన బిడ్డయినా రోజుకి అర లీటరు దాటనివ్వొద్దు.

మేం పెట్టుకున్న నియమాలు ఇవి:

తల్లి ఇచ్చే పూట ఆవుపాలు పట్టం. బిడ్డ తల్లి దగ్గర తాగినంత కాలమే తల్లికి పాలు ఊరతాయి. పూట తగ్గిస్తే పాలూ తగ్గుతాయి.

ముందు అన్నం, తర్వాతే పాలు. ఆకలిమీద పాలు పడితే అన్నం దగ్గర నోరు తెరవదు.

పాల సీసా వాడం. ఉగ్గుగిన్నె లేదా చిన్న స్టీలు గ్లాసు. సీసా పీక కడగడం కష్టం, క్రిములు చేరతాయి. సీసా నోట్లో పెట్టుకుని నిద్రపోతే పాలపళ్ళు పుచ్చిపోతాయి. గ్లాసుతో అయితే ఎంత తాగిందో మనకీ లెక్క ఉంటుంది.

నీళ్ళు కలపం, వెన్న తియ్యం. "పసిదానికి చిక్కటి పాలు అరగవు" అని సగానికి సగం నీళ్ళు పోసేవాళ్ళున్నారు. దానివల్ల కడుపు నిండుతుంది, బలం సగం అవుతుంది. రెండేళ్ళలోపు పిల్లలకి వెన్న ఉన్న పాలే కావాలి.

ఇనుము ఉన్న తిండి రోజూ ఉండాలి. గుడ్డు, తోటకూర పప్పు, మునగాకు పొడి, సజ్జ జావ, వారానికి ఒకటి రెండుసార్లు మెత్తగా ఉడికిన కాలేయం లేదా కీమా. ఆకుకూర పప్పులో రెండు చుక్కల నిమ్మరసం పిండితే అందులోని ఇనుము బాగా పడుతుంది. ఈ తిండికీ పాలకీ మధ్య గంటన్నర ఎడం ఇస్తాం. ఆరు నెలలు దాటిన పిల్లలకి వారానికి రెండుసార్లు ఇచ్చే ఇనుము సిరప్‌ను ఆశా కార్యకర్త తెచ్చిస్తారు, అదీ పాలతో కలిపి ఇవ్వం.

ఇక ఏడాదిలోపు సంగతి. ఆరు నెలల వరకు తల్లిపాలు తప్ప నీళ్ళు కూడా అక్కర్లేదు. ఆరు నుంచి పన్నెండు నెలల వరకు తల్లిపాలు, మెత్తటి ఇంటి తిండి. పెరుగు కొద్దిగా, వంటలో పాలు కొద్దిగా ఫర్వాలేదు. గ్లాసులతో తాగించే పాలు మాత్రం ఏడాది నిండాకే. తల్లికి పాలు చాలట్లేదని అనుమానం ఉంటే పాలవాణ్ణి కాదు, డాక్టర్‌ని గానీ ఏఎన్ఎమ్‌ని గానీ అడగాలి. చాలాసార్లు పాలు సరిపోతూనే ఉంటాయి, బిడ్డని పట్టుకునే తీరు సరిచేస్తే చాలు.

ఏ2 పాలైతే ఫర్వాలేదా?

ఇది మనవాళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్న. మన దేశీ ఆవుల పాలు చాలావరకు ఏ2 రకమే. అది కేసీన్‌లో ఒక భాగంలోని చిన్న తేడా. ఇనుము విషయంలో, మూత్రపిండాల మీద బరువు విషయంలో ఏ2కీ మిగతావాటికీ తేడా లేదు. పాల ఎలర్జీ ఉన్న బిడ్డకి ఏ2 పాలు పట్టినా ఎలర్జీ వస్తుంది, ఎందుకంటే దానికి కారణమయ్యే మాంసకృత్తులు రెండింటిలోనూ ఉంటాయి. 2024 ఆగస్టులో ఎఫ్ఎస్ఎస్ఏఐ ఈ ఏ1, ఏ2 ప్రచారాలు ప్యాకెట్ల మీద తీసెయ్యమని చెప్పి, వారం తిరక్కుండానే ఆ ఆదేశాన్ని వెనక్కి తీసుకుంది. ఆ వాదన ఎటు తేలినా ఏడాదిలోపు బిడ్డ సంగతిలో జవాబు మారదు. ఒంగోలు ఆవు నాకు ప్రాణం. అలాగని దాని పాలలో లేని ఇనుముని ఉందని చెప్పలేను.

పాలమ్మే రైతులు చూసుకోవాల్సినవి

ఏడాది దాటిన పసిబిడ్డ మన పాలు తాగుతుందంటే మన బాధ్యత రెట్టింపవుతుంది. నేను మా కొట్టంలో మార్చుకున్నవి చెప్తాను.

మొదటిది, గుమ్మపాలు వద్దు. పొదుగు నుంచి వెచ్చగా వచ్చే పాలు అమృతం అని మనలో చాలామందికి నమ్మకం. ఆవు చూడటానికి ఆరోగ్యంగా ఉన్నా బ్రుసెల్లా, క్షయ క్రిములు పాలల్లో రావచ్చు. పొంగు వచ్చాక మంట తగ్గించి, కలుపుతూ రెండు మూడు నిమిషాలు మరగనివ్వాలి. తర్వాత త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టి, ఆ రోజుకి ఆ రోజే వాడాలి.

రెండోది, టీకా, పరీక్ష. నాలుగు నుంచి ఎనిమిది నెలల పెయ్యదూడలకి బ్రుసెల్లా టీకా వేస్తారు. 2019లో మొదలైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ పథకంలో ఇది ఉచితం. పెద్ద ఆవులకి బ్రుసెల్లా, క్షయ పరీక్షలు పశువుల డాక్టరుతో చేయించండి. కొత్త ఆవుని కొంటే పరీక్ష అయ్యాకే మందలో కలపండి.

మూడోది, పొదుగువాపు. ప్రతి చన్ను నుంచి మొదటి రెండు ధారలు నల్లటి గుడ్డ మీద పిండి, తరకలు ఉన్నాయేమో చూడాలి. ఉంటే ఆ పాలు అమ్మకానికి కాదు. యాంటీబయోటిక్ ఇంజక్షన్ వేయిస్తే డాక్టరు చెప్పినన్ని రోజులు ఆ ఆవు పాలు పక్కన పెట్టాలి. "మాది ప్రకృతి వ్యవసాయం" అని చెప్పుకుని ఇక్కడ కళ్ళు మూసుకోకూడదు.

నాలుగోది, బూజు. బూజు పట్టిన వేరుశనగ చెక్క, తడిసిన మొక్కజొన్న, నల్లబడ్డ గడ్డి ఆవుకి పెడితే అఫ్లటాక్సిన్ అనే విషం పాలల్లోకి వస్తుంది. మరగబెట్టినా అది పోదు. వర్షాకాలంలో నేను చెక్కని చెక్క బల్ల మీద, గాలి తగిలేలా పెడుతున్నాను. వాసన తేడా వస్తే ఎరువు గుంతలోకే.

ఐదోది మన ప్రకృతి వ్యవసాయదారులకి ప్రత్యేకం. మనం పొద్దున లేస్తే పేడ, మూత్రం పట్టుకునే పని. జీవామృతం కలిపిన చేత్తో, అదే బకెట్టు కడిగి పాలు పిండటం నేను కళ్ళారా చూశాను, నేనూ చేశాను. పేడ నేలకి మంచిది, పాలకి కాదు. పాలు పిండే గిన్నెలు, పిండే మనిషి, ఆ పనికి కేటాయించిన సబ్బు, గుడ్డ, అన్నీ వేరుగా పెట్టాం. ముందు పాలు పిండటం, తర్వాతే పేడ తియ్యడం.

ఆరోది స్టిక్కర్. రెండేళ్ళలోపు పిల్లలకి తల్లిపాలకి బదులుగా దేన్నీ ప్రచారం చెయ్యకూడదని, తల్లిపాలతో సమానం అన్న అభిప్రాయం కలిగించకూడదని మన దేశంలో 1992 నుంచి చట్టం ఉంది, 2003లో దాన్ని ఇంకా గట్టి చేశారు. నా స్టిక్కర్ మీదున్న మాట ఎంత తప్పో అది చదివాక అర్థమైంది. మిగిలిన స్టిక్కర్లన్నీ పొయ్యిలో వేశాను.

ఇప్పుడు కొత్తగా చేరే ప్రతి ఇంటికీ ఒక కార్డు ఇస్తున్నాను. కావాలంటే మీరూ ఇలాగే రాయించుకోండి: "ఏడాది నిండని బిడ్డకు ఈ పాలు తాగించకండి. ఏడాది దాటాక తల్లిపాలతో పాటు, తిండి తర్వాత, గ్లాసుతో కొద్దిగా ఇవ్వండి. రోజుకు అర లీటరు మించొద్దు. మరగబెట్టకుండా వాడకండి."

నష్టం ఎంత?

ఈ ప్రశ్న మీరు అడగకముందే చెప్తాను. కార్డు ఇవ్వడం మొదలుపెట్టాక ఏడాదిలోపు పిల్లలున్న ఐదిళ్ళు అర లీటరు చొప్పున తగ్గించాయి. లీటరు 90 రూపాయలు. అంటే రోజుకి 225, నెలకి 6,750 రూపాయలు. ఒక ఇల్లు అసలు మానేసింది. "పాలమ్మేవాడే పాలు వద్దంటున్నాడు, ఇందులో ఏదో ఉంది" అన్నారట. మొదటి రెండు నెలలు మిగిలిన పాలు తోడుపెట్టి, చిలికి, నెయ్యి చేశాం. ఆ తర్వాత నెయ్యికే విడిగా అడిగేవాళ్ళు వచ్చారు. పూర్తిగా పూడలేదు గానీ, బండి నడుస్తోంది.

ఆ బాబు సంగతి చెప్పాలి. పాలు అర లీటరులోపుకి తగ్గించి, ఇనుము మందు వాడుతూ, తిండి పెంచారు. మూడు నెలలకి హిమోగ్లోబిన్ 10.9కి వచ్చింది. నిల్వలు నిండాలని డాక్టరు ఇంకొన్నాళ్ళు మందు కొనసాగించారు. వాళ్ళు మా దగ్గర పాలు మానలేదు. మొన్న సంక్రాంతికి ముగ్గురూ పొలానికి వచ్చారు. బాబు గట్టు మీద పడుతూ లేస్తూ పరిగెత్తుతున్నాడు, దూడకి గడ్డిపరక అందించి అది నాకితే కేక పెట్టాడు. వాళ్ళ నాన్న నా దగ్గరికి వచ్చి, "ఆ కార్డు మా అపార్టుమెంటు వాళ్ళకి కూడా ఇస్తాను, ఒక పది ఇవ్వండి" అన్నారు. ఇరవై ఇచ్చాను.

మా పాప ఇప్పుడు మధ్యాహ్నం అన్నం తిన్నాక నానమ్మ దగ్గరికి వెళ్ళి తనే ఉగ్గుగిన్నె చూపిస్తోంది. నాలుగున్నరకి స్కూటీ చప్పుడు వినపడగానే మాత్రం అన్నీ వదిలేసి వాకిట్లోకి పరుగు. మా అమ్మ ఇప్పుడు వేపాకు ఊసెత్తడం లేదు. మొన్న పక్కింటావిడ కోడలికి ఆరో నెల బిడ్డ అని చెంబు పట్టుకుని పాలకోసం వస్తే, గుమ్మం దగ్గరే ఆపి, "పాలెందుకమ్మా అప్పుడే, కూర్చో చెప్తా" అంది.

వీడియోలో నాలుగో నిమిషం నుంచి పాలు మరగబెట్టి చల్లార్చే పద్ధతి, చివర్లో నల్లగుడ్డ మీద పొదుగు పరీక్ష చూపించాను. మీ ఇళ్ళల్లో పసిపిల్లలకి ఆవుపాలు ఎలా అలవాటు చేశారో, మీ అనుభవం ఏమిటో వీడియో కింద రాయండి. వచ్చే వారం మళ్ళీ పొలంలోకి వెళ్దాం, కందిలో మారుకా పురుగు సంగతి చూద్దాం.

సెలవు.